ఒక మొప్ప మూసుకున్న గోల్డ్‌ఫిష్: నెల్లూరు నుంచి ఒక కేస్ స్టడీ

చేప: మగ ఒరాండా గోల్డ్‌ఫిష్, నారింజ రంగు, వయసు రెండేళ్ళ పైచిలుకు. ఉండేది నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఒక అపార్ట్‌మెంట్ హాల్లోని మూడడుగుల గాజు అక్వేరియంలో. కాలం ఫిబ్రవరి, సంక్రాంతి వెళ్ళి నెల దాటింది. ఇంటివాళ్ళు చెప్పిన జబ్బు వైట్ స్పాట్. మూడు వారాలుగా మందులు వేస్తున్నా తగ్గట్లేదన్నారు. ఐదు చేపల్లో రెండు అప్పటికే పోయాయి.

మాది ప్రధానంగా రొయ్యల ల్యాబ్. పొద్దున్నే పాలిథిన్ కవర్లలో రొయ్యలు, సీసాల్లో చెరువు నీళ్ళు వస్తాయి. పీసీఆర్ (వైరస్ పరీక్ష), ప్లేట్ కౌంట్ (బ్యాక్టీరియా లెక్క), అమ్మోనియా, ఆల్కలినిటీ చూసి రాసిస్తాం. మధ్యాహ్నం పని తగ్గాక ఇళ్ళలో పెంచే రంగు చేపలను కూడా చూస్తుంటాను. మైక్రోస్కోప్ ఉంది, మొప్ప తీసి చూసే అలవాటు ఉంది, కాబట్టి ఒకరి ద్వారా ఒకరికి తెలిసి వస్తుంటారు. ఈ కేసు రాయడానికి కారణం జబ్బు అరుదైనదని కాదు. గోల్డ్‌ఫిష్‌లో ఇంత మామూలు జబ్బు ఇంకోటి ఉండదు. అంత మామూలు జబ్బును ఎవరూ చూడకుండానే మూడు రకాల మందులు పడ్డాయి, ఆ మందులు చేసిన చేటు జబ్బు చేసినదానికి తీసిపోలేదు.

మొదట ఫోన్లో

ఆ ఇంటావిడ స్కూల్ టీచరు. ముందు వాట్సాప్‌లో ఒక వీడియో పంపి, తర్వాత ఫోన్ చేశారు.

"సార్, షాపాయన వైట్ స్పాట్ అన్నాడు. నీలం మందు పోశాం, పచ్చ మందు పోశాం, ఉప్పేశాం. ఏందేసినా ఆ చుక్కలు అట్టనే ఉండాయి."

"చుక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయమ్మా?"

"చెంపల మీద సార్. ముందు రెక్కల మీద కూడా."

"తోక మీద? వీపు మీద?"

కాసేపు ఆగి, తొట్టి దగ్గరికి వెళ్ళి చూసొచ్చి చెప్పారు. "ఆడ లేవు సార్."

సగం సంగతి ఇక్కడే తేలిపోయింది. చెంపలని ఆవిడ అన్నది మొప్పల మీద ఉండే గట్టి మూతను. గోల్డ్‌ఫిష్ మగదానికి ఈడు వచ్చాక, ముఖ్యంగా చలికాలం పోయి వేసవి వచ్చే ముందు, సరిగ్గా ఈ మూతల మీదా, ముందు రెక్కల మొదటి ఈనె వెంటా తెల్లటి చిన్న పొక్కులు లేస్తాయి. గుడ్లు పెట్టించడానికి ఆడదాన్ని తరిమేటప్పుడు రాసుకోవడానికి ఏర్పడేవి. వేలితో తడిమితే గరుకుగా తగులుతాయి. ఒకే సైజులో, వరసలో పేర్చినట్టు ఉంటాయి, వారాల తరబడి ఒక్క చోటే ఉంటాయి. అది జబ్బు కాదు, చేప ఆరోగ్యంగా ఎదిగిందనడానికి గుర్తు.

అసలు వైట్ స్పాట్ ఇలా ఉండదు. దాన్ని తెచ్చేది ఇక్తియోఫ్తిరియస్ అనే ఏకకణ జీవి. పైచర్మం కిందకు దూరి తింటూ పెరిగితే ఉప్పు చల్లినట్టు ఒంటి నిండా, తోక మీద కూడా చుక్కలు కనిపిస్తాయి. ఎదిగిన చుక్క రాలి తొట్టి అడుగుకు చేరి, వందల పిల్లలుగా విడిపోతుంది. ఆ పిల్లలు ఈదుతూ మళ్ళీ చేపను వెతుక్కుంటాయి. కాబట్టి ఇవాళ్టి చుక్కలు రేపు అదే చోట ఉండవు. 26 డిగ్రీల దగ్గర ఈ చక్రమంతా వారం లోపే తిరుగుతుంది. మూడు వారాల పాటు కదలకుండా, పెరగకుండా, చెంపల మీదే కూర్చున్న వైట్ స్పాట్ అంటూ ఉండదు. మందు పనిచేస్తే పోవాలి, పనిచేయకపోతే ఈపాటికి చేపే పోవాలి.

ఇంకో భయం కూడా పెట్టుకున్నారు. ఆవిడ తమ్ముడికి ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువులున్నాయి. వైట్ స్పాట్ మాట వినగానే ఆయన గుండె జారిపోయి, అక్క ఇంటికి రావడమే మానేశాడట. 1990ల మధ్యలో మన తీరంలో చెరువులను ఖాళీ చేయించిన ఆ జబ్బు వైరస్ వల్ల వచ్చేది, రొయ్యలది, దానికి మందు లేదు. గోల్డ్‌ఫిష్ వైట్ స్పాట్‌కు దానితో ఏ చుట్టరికమూ లేదని చెప్పాక ఆయన టెన్షన్ తగ్గింది. తగ్గిన మరుక్షణం నుంచి ఆయనే సలహాలివ్వడం మొదలుపెట్టాడు. వాటి సంగతి తర్వాత చెబుతాను.

మరి చుక్కలు జబ్బు కాకపోతే చేపలెందుకు చచ్చాయి? వీడియో మళ్ళీ మళ్ళీ చూస్తే అసలు గుర్తులు కనిపించాయి. పెద్ద ఒరాండా, ఇంట్లో పిల్ల దాన్ని 'బుడ్డోడు' అంటుంది, ఫిల్టర్ నుంచి నీళ్ళు పడేచోట నిలబడి ఊపిరి పీలుస్తోంది. ఎడమ మొప్ప మూత ఒంటికి అతుక్కుని ఉంది, కుడి వైపుది మాత్రమే ఆడుతోంది, అదీ చాలా వేగంగా. వెన్ను రెక్క ముడుచుకుని ఉంది. ఉన్నట్టుండి పక్కకు ఒరిగి, గులకరాళ్ళకు చెంప రాసి, మళ్ళీ పైకి వచ్చింది. తొట్టిలోని చేపలన్నీ కలిసి నీటిపైన నోళ్ళు తెరిస్తే ముందు నీళ్ళను అనుమానించాలి. ఒక్కో చేప ఒక్కో తీరులో మొప్ప మూసుకుని, రాళ్ళకు రాసుకుంటుంటే మొప్పల్లో ఏదో ఉందని అర్థం. ఇక్కడ రెండూ కొంత కొంత ఉన్నాయి.

చేపను తెమ్మన్నాను. మూతున్న బకెట్‌లో, తొట్టి నీళ్ళలోనే, బ్యాటరీ ఏరేటర్ పెట్టి. విడిగా ఒక సీసాలో తొట్టి నీళ్ళు, ఇంకో సీసాలో కుళాయి నీళ్ళు. ఇంతకుముందు చచ్చిన చేపను డీప్ ఫ్రీజర్‌లో దాచామన్నారు, అది వద్దన్నాను. చేప చచ్చిన కొద్ది గంటల్లోనే పరాన్నజీవులు చచ్చిపోవడమో వదిలి వెళ్ళిపోవడమో జరుగుతుంది, మొప్ప కుళ్ళిపోతుంది. గడ్డకట్టించి కరిగించిన మొప్పలో చూసేందుకు ఏమీ మిగలదు. తప్పనిసరై చచ్చిన చేపనే తేవాల్సి వస్తే, చచ్చిన వెంటనే కవర్లో పెట్టి ఐస్ మీద తేవాలి.

పూర్వకథ

బకెట్ పట్టుకుని ఇంటివాళ్ళు వచ్చారు. అడిగితే ఒక్కొక్కటీ బయటికి వచ్చింది. సంక్రాంతి సెలవుల్లో పిల్ల అడిగిందని రెండు రెడ్‌క్యాప్ ఒరాండాలు కొన్నారు. మన దగ్గర అమ్మే రంగు చేపల్లో చాలా భాగం చెన్నై కొళత్తూరు వైపు నుంచి ఆక్సిజన్ కవర్లలో వస్తాయి. అక్కడ ఎన్నో ఫారాల చేపలు ఒక్కచోట కలుస్తాయి, తర్వాత ఇక్కడి షాపులో మళ్ళీ కలుస్తాయి. కొన్న కవరును అరగంట నీళ్ళలో తేలించి, చేపలను నేరుగా పాతవాటితో కలిపేశారు. వారం తిరిగేసరికి రాళ్ళకు రాసుకోవడం కనిపించింది. ముందు పాతవాటిలో నల్ల మూర్ అనే రకం గోల్డ్‌ఫిష్ చచ్చింది, తర్వాత కొత్తవాటిలో ఒకటి. మిగిలినవి బుడ్డోడు, ఒక ఆడ ఒరాండా, ఒక రెడ్‌క్యాప్.

ఇక వైద్యం. మిథిలీన్ బ్లూ పోశారు. తగ్గలేదని మలకైట్ గ్రీన్, ఫార్మాలిన్ కలిసిన మందు పోశారు, అదీ రెండు విడతలు. తర్వాత కళ్ళుప్పు. ప్రతి మందుకూ ముందు నీళ్ళన్నీ తోడేసి, రాళ్ళు కడిగి, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద తెల్లగా అయ్యేదాకా పిండారు. శుభ్రంగా ఉంచుతున్నామనే నమ్మకంతోనే చేశారు, ఆ మాటకొస్తే నా దగ్గరికి వచ్చేవాళ్ళలో నూటికి తొంభై మంది ఇదే చేస్తారు.

మందు మోతాదు ఎలా లెక్కేశారని అడిగితే, 200 లీటర్ల తొట్టని షాపులో చెప్పారట. కొలతలు అడిగాను: మూడడుగుల పొడవు, అడుగుంబావు వెడల్పు, అడుగున్నర ఎత్తు. ఘనపుటడుగుకు 28.3 లీటర్లు, కాబట్టి అంచుదాకా నింపినా 159 లీటర్లే. రాళ్ళు, పైన వదిలిన నాలుగు వేళ్ళ ఖాళీ తీసేస్తే నీళ్ళు 130 లీటర్లు. అంటే పడిన ప్రతి మందూ ఒకటిన్నర రెట్లు పడింది. ఫార్మాలిన్ ఊరికే పురుగును చంపి ఊరుకోదు, నీళ్ళలోని ఆక్సిజన్‌ను కూడా తినేస్తుంది. ఐదు పీపీఎం (పది లక్షల భాగాలకు ఐదు) ఫార్మాలిన్ ఒకటిన్నర రోజులో దాదాపు ఒక పీపీఎం ఆక్సిజన్‌ను లాగేస్తుందని చెరువుల వాళ్ళకు పాఠంలోనే చెబుతారు. మొప్పలు పాడైన చేపకు అదెంత నష్టమో వేరే చెప్పక్కర్లేదు. నల్ల మూర్ చచ్చింది పచ్చ మందు పోసిన రాత్రే.

నీళ్ళు

తొట్టి నీళ్ళు: వేడి 26 డిగ్రీలు, పీహెచ్ 8.2, మొత్తం అమ్మోనియా 1 పీపీఎం, అమ్మోనియా నుంచి తయారయ్యే మరో విషం నైట్రైట్ 0.5, ఉప్పు లీటరుకు మూడు గ్రాముల దగ్గర. కుళాయి నీళ్ళలో అమ్మోనియా లేదు, కొద్దిగా క్లోరిన్ ఉంది.

ఒక పీపీఎం అమ్మోనియా అంటే చిన్నదిగా అనిపిస్తుంది. పీహెచ్ 7 ఉన్న నీళ్ళలోనైతే నిజంగానే పెద్ద ప్రమాదం కాదు. పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియాలో విష రూపం వాటా పెరుగుతుంది. 26 డిగ్రీల్లో, 8.2 దగ్గర దాదాపు తొమ్మిది శాతం ఆ రూపంలోనే ఉంటుంది, అంటే 0.09 పీపీఎం. 0.05 దాటితేనే మొప్పలు దెబ్బతినడం మొదలవుతుంది. మన బోరు నీళ్ళ పీహెచ్, గట్టిదనం తెలిసినవాళ్ళకు ఇది కొత్తేం కాదు. అమ్మోనియాను తినే బ్యాక్టీరియా కాపురముండేది ఫిల్టర్ స్పాంజిలో. దాన్ని క్లోరిన్ నీళ్ళ కింద పిండి, మిగిలినదాని మీద ఫార్మాలిన్ పోశారు. రెండేళ్ళ తొట్టి మళ్ళీ కొత్త తొట్టిలా తయారైంది.

ఉప్పు మాత్రం ఒక మేలు చేసింది. ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల గుండా రక్తంలోకి వెళ్ళనివ్వకుండా అడ్డుకుంటుంది. అందుకని దాన్ని అప్పుడే తీసేయొద్దన్నాను.

మైక్రోస్కోప్ కింద

ముందు జిగురు. చేపను తడి చేతులతో పట్టుకుని, ముందు రెక్క వెనక నుంచి తోక వైపుకు కవర్ స్లిప్ అంచుతో ఒక్కసారి మెల్లగా గీశాను. వచ్చిన జిగురును స్లైడు మీద తొట్టి నీటి చుక్కలో వేశాను. ఇక్కడ కుళాయి నీళ్ళు వాడితే క్లోరిన్‌కు చిన్న ప్రాణులు చచ్చి కదలకుండా పడి ఉంటాయి, కదలని దాన్ని పోల్చుకోవడం కష్టం. 40 రెట్లలో, తర్వాత 100 రెట్లలో చూశాను. నాలుగైదు ట్రైకోడినాలు కనిపించాయి. పళ్ళ చక్రం ఉన్న గుండ్రటి సాసర్ల లాంటివి, తిరుగుతూ పోతుంటాయి. మురికి, ఒత్తిడి ఉన్న తొట్టిలో ఆ మాత్రం ఉంటాయి, వాటివల్ల చేప ఇంత ఇబ్బంది పడదు. ఇక్తియోఫ్తిరియస్ ఒక్కటి కూడా లేదు. అది ఉంటే పోల్చుకోవడం తేలిక: పెద్ద గుండ్రటి కణం, లోపల గుర్రపు లాడం ఆకారంలో కేంద్రకం, మెల్లగా దొర్లుతూ ఉంటుంది. చెంప మీది తెల్ల పొక్కును కూడా గీకి చూశాను. గట్టిపడిన చర్మం తప్ప ఏమీ లేదు. ఆవిడను కూడా చూడమన్నాను. నేను చెప్పడం కంటే ఆవిడ కళ్ళతో చూడటం మేలనిపించింది, లేకపోతే చుక్కలు పోయేదాకా మందు ఆపరు.

తర్వాత మొప్ప. దీనికి చేపకు మత్తు కావాలి. లవంగ నూనెను చిన్న సీసాలో గోరువెచ్చని నీళ్ళతో పాల రంగు వచ్చేదాకా గిలకొట్టి, లీటరుకు ఒక చుక్క చొప్పున లెక్క చూసి, కొద్దికొద్దిగా కలుపుతూ పోయాను. మొప్పలు దెబ్బతిన్న చేపకు పూర్తి మోతాదు ఒక్కసారిగా ఇవ్వకూడదు. చేప ఒరిగి, తోక పట్టుకున్నా గింజుకోని స్థితికి వచ్చాక, మూసుకున్న ఎడమ మూతను వేలి గోటితో ఎత్తాను. లోపల ఎర్రగా నిగనిగలాడాల్సిన మొప్ప దువ్వెన లేత గులాబీ రంగులో, బూడిదరంగు జిగురు పేరుకుని ఉంది. సన్న కత్తెరతో మూడు నాలుగు పోగుల కొసలు మాత్రం కత్తిరించి స్లైడు మీద వేశాను. ఒక చిన్న నెత్తుటి చుక్క వచ్చి ఆగిపోయింది. చేపను వెంటనే మామూలు నీళ్ళలోకి మార్చి, ఏరేటర్ బుడగల పక్కన పట్టుకున్నాను.

స్లైడు మీద దృష్టి కుదరగానే కదలిక కనిపించింది. మొప్ప పోగుల మధ్య సన్నటి పారదర్శక పురుగులు, వెనక కొసతో గట్టిగా పట్టుకుని, జలగ లాగా సాగుతూ ముడుచుకుంటూ ముందు కొసతో తడుముతున్నాయి. తల వైపు నాలుగు నల్ల చుక్కలు, అవి వాటి కళ్ళు. వెనక పట్టు భాగంలో ఒక జత పెద్ద కొక్కేలు, చుట్టూ చిన్న కొక్కేలు. కొన్నింటి కడుపులో గోధుమరంగు గుడ్డు ఒకటి. తక్కువ రెట్లలో చూసినప్పుడు ఒక్క చూపులోనే ఎనిమిది పదికి తగ్గకుండా ఉన్నాయి. డాక్టిలోగైరస్, వాడుకలో గిల్ ఫ్లూక్. ఒకటో రెండో ఉంటే ఏ గోల్డ్‌ఫిష్ అయినా తట్టుకుంటుంది, ఇంత మంద ఉంటే మొప్ప పోగుల చర్మం మందమైపోయి ఒకదానికొకటి అతుక్కుంటుంది. ఆక్సిజన్ లోపలికి పోయే దారే సగం మూసుకుంటుంది. ఈ మొప్పలో అది జరిగి ఉంది.

ఆ కళ్ళను, గుడ్డును చూసుకోవడం ఎందుకంటే, దీనికి గైరోడాక్టైలస్ అని ఒక బంధువు ఉంది. అది ఎక్కువగా చర్మం మీద ఉంటుంది, కళ్ళుండవు, గుడ్లు పెట్టదు, పిల్లనే కంటుంది. కడుపులో పిల్ల, ఆ పిల్లకు అప్పటికే ఏర్పడిన కొక్కేలు కూడా కనిపిస్తాయి. రెంటికీ మందు ఒకటే, ప్రాజిక్వాంటెల్. అయినా గుడ్లు పెట్టనిదైతే ఒక్క డోసుతో దాదాపు పని అయిపోతుంది. గుడ్లు పెట్టేదైతే ఒక్క డోసు వేసి తగ్గిందనుకోవడం అంత పొరపాటు ఇంకోటి లేదు. ఈ మందుకు గుడ్డు చావదు.

వేయని మందులు

వైద్యం రాసే లోపే తమ్ముడుగారు రెండు సలహాలు పంపారు. మొదటిది, చేపల చెరువుల్లో పేనుకు కొట్టే మందు. చేప పేను అంటే ఆర్గులస్, రొయ్య జాతికి దగ్గరి ప్రాణి. దానికి వాడే డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటివి ఆ జాతి నరాలను కొడతాయి, అందుకే పేనుకు పనిచేస్తాయి. రొయ్యల రైతు అయ్యుండి ఆయన ఆ డబ్బా ఇంట్లో ఎలా పెట్టుకున్నాడో నాకు అర్థం కాలేదు, ఒలికి చెరువులో పడితే పంట ఊడ్చుకుపోతుంది. మనం చూసింది బల్లపరుపు పురుగు, దాని మీద ఆ మందు నమ్ముకోదగ్గది కాదు. పైగా చేపలకు కూడా అది విషమే, 130 లీటర్ల తొట్టిలో చుక్క తేడా వచ్చినా సరిదిద్దుకునే వీలుండదు.

రెండో సలహా జియోలైట్ అనే ఖనిజం. అమ్మోనియా ఉంది కదా, ఒక డబ్బా పోయండన్నాడు. మంచినీళ్ళ తొట్టిలో జియోలైట్ అమ్మోనియాను బాగానే పట్టుకుంటుంది. ఉప్పు ఉన్న నీళ్ళలో సోడియం ఆ చోటును ఆక్రమిస్తుంది కాబట్టి జియోలైట్ పట్టు తగ్గుతుంది, పట్టినదాన్ని కూడా వదులుతుంది. ఈ తొట్టిలో ఉప్పుంది. ఉప్పునీటి చెరువుల్లో బస్తాలకు బస్తాలు చల్లే రైతులకు ఈ మాట నచ్చదు, అది వేరే గొడవ.

ఫార్మాలిన్ సరైన మోతాదులో గిల్ ఫ్లూక్‌ను చంపగలదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఈ చేపకు మాత్రం మొప్పలు సగమే పనిచేస్తున్నాయి, ఇంకోసారి ఫార్మాలిన్ తట్టుకునే స్థితిలో లేదు. పొటాషియం పర్మాంగనేట్ కూడా అంతే. పీహెచ్ ఎక్కువున్న గట్టి నీళ్ళలో మాంగనీస్ గోధుమరంగు మడ్డిగా మొప్పల మీద దిగుతుంది. పచ్చ మందులోని మలకైట్ గ్రీన్ తినే చేపల్లో నిషేధించింది, ఇంట్లో పిల్లలు చేతులు పెట్టే తొట్టిలో పోయడం నాకు ఎప్పుడూ ఇష్టముండదు.

వేసిన మందు

మొదటి రెండు రోజులు పురుగు జోలికి పోలేదు. ముందు నీళ్ళు కుదుటపడాలి. రోజుకు మూడో వంతు నీళ్ళు మార్చమన్నాను, కొత్త నీళ్ళను ముందు రోజే టబ్బులో పట్టి, సోడియం థయోసల్ఫేట్ వేసి క్లోరిన్ పోగొట్టి, అంతే మేర ఉప్పు కలిపి. మేత పూర్తిగా బంద్. గోల్డ్‌ఫిష్ వారం తినకపోయినా ఏమీ కాదు, తింటేనే అమ్మోనియా పెరుగుతుంది. "పాపం సార్, ఆకలేస్తది కదా" అని ఆవిడ బాధపడ్డారు గానీ పాటించారు. మా ల్యాబ్‌లో ఏళ్ళుగా నడుస్తున్న, కొత్త చేపలేవీ చేరని తొట్టి నుంచి ఒక పాత స్పాంజి ఇచ్చాను, వాళ్ళ ఫిల్టర్‌లో పెట్టుకోమని. మూడో రోజు పంపిన నీళ్ళలో అమ్మోనియా పావు పీపీఎంకు దిగింది.

అప్పుడు ప్రాజిక్వాంటెల్. మనుషుల్లో బద్దె పురుగులకు, కాలేయపు పురుగులకు వాడే మందు ఇది. పురుగు శరీరంలోకి కాల్షియం దూసుకొచ్చేలా చేస్తుంది. దాంతో కండరాలు బిగుసుకుపోయి, పైపొర దెబ్బతిని, పట్టు వదిలేస్తుంది. చేపకు దీనివల్ల ఇబ్బంది చాలా తక్కువ. ఫిల్టర్ బ్యాక్టీరియాను పెద్దగా కదిలించదు, ఈ తొట్టికి అదే ముఖ్యం.

మోతాదు లీటరుకు రెండున్నర మి.గ్రా. దగ్గర అనుకున్నాను. 130 లీటర్లకు 325 మి.గ్రా. అవుతుంది. 600 మి.గ్రా. మాత్రలో సగమంటే 300, లీటరుకు 2.3 పడుతుంది, అది చాలు. చిక్కల్లా కరిగించడంలోనే. ఈ మందు నీళ్ళలో సరిగా కరగదు. లీటరు నీళ్ళకు సుమారు 400 మి.గ్రా. కరిగితే గొప్ప. మాత్రను పొడి చేసి తొట్టిలో చల్లితే రాళ్ళ సందుల్లోకి దిగి కూర్చుంటుంది, చేపకు అందదు. సగం మాత్రను రోట్లో మెత్తగా నూరి, రెండు లీటర్ల సీసాలో తొట్టి నీళ్ళు పోసి, గంట పాటు మధ్యమధ్యలో బాగా ఊపుతూ, తర్వాత ఫిల్టర్ నీళ్ళు పడేచోట సన్నగా పోయమన్నాను. రోలు మసాలా నూరేది కాకూడదని ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది. కుక్కలకు వేసే నులిపురుగుల మాత్రలో కూడా ప్రాజిక్వాంటెల్ ఉంటుందని ఎవరో చెప్పారట. నిజమే, దాంతోపాటు పైరాంటెల్, ఫెబాంటెల్ లాంటివి, రుచికి మాంసం పొడి కూడా ఉంటాయి. అది తొట్టికి పనికిరాదు.

ఫిల్టర్‌లో కార్బన్ సంచి ఉంటే తీసేయాలి, లేకపోతే మందును అదే పీల్చేస్తుంది. ఏరేటర్ రెండు చోట్ల పెట్టించాను. మూడు చేపలకూ కలిపి అదే తొట్టిలో వైద్యం. జబ్బు కనిపించేది ఒకదానిలోనే అయినా గుడ్లు తొట్టంతా ఉంటాయి.

మొదటి డోసు పడిన సాయంత్రం చేపలు ఇంకా ఎక్కువగా రాసుకున్నాయని కంగారుగా ఫోన్ వచ్చింది. పురుగులు బిగుసుకుపోయి ఊడేటప్పుడు ఇలా జరగడం చూస్తుంటాను. నీటిపైకి వచ్చి నోరు తెరుస్తుంటే మాత్రం సగం నీళ్ళు మార్చేయమని, లేకపోతే కదిలించవద్దని చెప్పాను. తెల్లారేసరికి సద్దుమణిగింది.

రెండో డోసు లెక్క గుడ్డును బట్టి. 26, 28 డిగ్రీల నీళ్ళలో గిల్ ఫ్లూక్ గుడ్డు సుమారు రెండు నుంచి నాలుగు రోజుల్లో పొదుగుతుంది. బయటికొచ్చిన పిల్ల చేపను పట్టుకుని ఎదిగి, మళ్ళీ గుడ్లు పెట్టడానికి ఇంకొన్ని రోజులు. పొదిగాక, కొత్త గుడ్లు పెట్టేలోపు కొట్టాలి. అందుకని ఆరో రోజు సగం నీళ్ళు మార్చి, రాళ్ళ మధ్య మడ్డిని పైపుతో లాగించి, రెండో డోసు వేయించాను. మరో ఆరు రోజులకు మూడోది. అదే పని చలి దేశంలో, 15 డిగ్రీల నీళ్ళలో చేస్తే ఈ విరామం సరిపోదు, గుడ్లు పొదగడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. విదేశీ వీడియోలు చూసి తేదీలు రాసుకునేవాళ్ళు తమ తొట్టి వేడిని ముందు కొలుచుకోవాలి.

తర్వాత

రెండో డోసుకు ముందు బుడ్డోడిని మళ్ళీ తెప్పించి మొప్ప చూశాను. పెద్ద పురుగులు లేవు. చిన్నవి, అప్పుడే పట్టుకున్నవి రెండు కనిపించాయి. ఒక్క డోసుతో ఆపేసి ఉంటే నెలలోపు కథ మొదటికొచ్చేది. ఊపిరి వేగం మొదట నిమిషానికి 140 దగ్గర ఉండేది, ఇప్పుడు 90కి వచ్చింది. ఎడమ మూత కొద్దికొద్దిగా తెరుచుకుంటోంది. మూడో డోసు తర్వాత వారానికి తీసిన స్లైడులో పురుగు లేదు, జిగురులో ట్రైకోడినా కూడా లేదు. మొప్ప పోగుల కొసల్లో కొన్ని ఇంకా మొద్దుగా, అతుక్కునే ఉన్నాయి. కొత్త చర్మం రావడానికి వారాలు పడుతుంది, కొన్ని చోట్ల ఎప్పటికీ మునుపటిలా రాదు.

ఆడ ఒరాండా, రెడ్‌క్యాప్ రెండూ తేరుకున్నాయి. రెడ్‌క్యాప్ మొప్పలో మొదటి నుంచీ పురుగులు తక్కువే. తెచ్చింది అదే అయినా, అప్పటికే వాటికి అలవాటుపడి ఉంటుంది. కొత్త చేప హుషారుగా ఉంది కాబట్టి జబ్బు దానివల్ల కాదని వాదించేవాళ్ళకు చూపించదగ్గ సంగతి ఇది.

చెంపల మీది చుక్కలు మార్చి చివరిదాకా అలాగే ఉన్నాయి. అవి ఉండగానే బుడ్డోడు ఆడదాన్ని తొట్టంతా తరమడం మొదలుపెట్టింది. దాన్ని కూడా జబ్బనుకుని వీడియో పంపారు.

ఆ షాపు యజమాని పేరు నేనడగలేదు, ఆయనే ఒక రోజు నాలుగు చేపలు పట్టుకుని వచ్చాడు. మూడింట్లో ఇదే పురుగు. ఒకే పంపుతో అన్ని తొట్లకూ నీళ్ళు తిరిగే ఏర్పాటు కాబట్టి, ఒక్క తొట్టికి మందేస్తే లాభం లేదు. అన్నిటికీ ఒకేసారి వేయాలి, లేకపోతే కొత్త సరుకు దిగే తొట్టిని ఆ పైపు నుంచి విడగొట్టాలి. రెండోదే చేశాడు, ఖర్చు తక్కువని.

టీచరుగారికి రాసిచ్చిన కాగితంలో మిగిలినవి ఇవి. కొత్త చేప ఎప్పుడు తెచ్చినా బాల్కనీలో విడి టబ్బు, ఏరేటర్, మూడు వారాలు. అందులోనే ఆరు రోజుల తేడాతో రెండు డోసుల ప్రాజిక్వాంటెల్. ఆ టబ్బు వల, మగ్గు తొట్టిలో ముంచకూడదు. ఎండలో పూర్తిగా ఆరితే గుడ్లు చచ్చిపోతాయి, ఎండకు మన ఊళ్ళో కొదవ లేదు. మొక్కలు తెస్తే వాటికీ అదే టబ్బు, గుడ్లు వాటికి అంటుకుని వస్తాయి. స్పాంజిని తొట్టి నుంచి తీసిన నీళ్ళలోనే పిండాలి. తొట్టి నీళ్ళను కాలువలో పోయొద్దు, కుండీల్లో పోసుకోవచ్చు, ఉప్పు లేనప్పుడు.

ఇంకొకటి మే నెల గురించి. 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకు తొమ్మిది మి.గ్రా. ఆక్సిజన్ నిలుస్తుంది. వేసవిలో ఏసీ లేని హాల్లో తొట్టి 32 డిగ్రీలకు చేరితే ఏడు పైచిలుకే. మొప్పలో కొంత భాగం పోగొట్టుకున్న చేపకు ఆ తేడా తెలుస్తుంది. ఏప్రిల్ నుంచి రెండో ఏరేటర్ ఇరవై నాలుగ్గంటలూ తిరగాలి, ఒకటి ఇన్వర్టర్ మీద ఉండాలి. కరెంటు పోయినప్పుడు ఫిల్టర్ గంటకు మించి ఆగితే, మళ్ళీ వేసే ముందు అందులో నిలిచిపోయిన నీళ్ళు పారబోయాలి.